ఒకటి ఎంత అని యంత్రాన్ని అడిగిన రోజు

వాదనలో గెలవడం ఎలాగో నాకు నేర్పినవారు చాలామంది ఉన్నారు. తమ మాట నిలవనప్పుడు ఎంత హుందాగా ఉండవచ్చో చూపినవారు మాత్రం ఇద్దరే. ఒకరు విశ్వవిద్యాలయంలో మా ప్రొఫెసర్ గారు. మరొకరు తార్నాకలో ఒక పరిశోధనా సంస్థ కంప్యూటరు గదికి బాధ్యురాలిగా ఉండిన మేడమ్. ఆ ఇద్దరికీ నేను చెప్పవలసినంత కృతజ్ఞత అప్పుడు చెప్పలేదు. ఆ వయసులో నాకు ప్రశ్నలు వచ్చినంత సులువుగా కృతజ్ఞతలు వచ్చేవి కావు.

అరవయ్యో దశకం చివరి సంవత్సరాల మాట ఇది. నేను గణాంకశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నాను. వారాసిగూడలో మేనమామ ఇంట్లో ఉంటూ రోజూ క్యాంపస్‌కు నడిచి వచ్చేదాన్ని. డిగ్రీ చదివిన రోజుల్లో డిబేటింగ్ సొసైటీలో నాకు శిక్షణ ఇచ్చిన లెక్చరర్ గారు ఒక నియమం పెట్టారు. ఎదుటివారి వాదనను ఖండించే ముందు దానిని వారికంటె బలంగా నువ్వే చెప్పాలి. ఆ వాదన నిజమైతే దానితోపాటు ఇంకేమేమి నిజం కావలసి ఉంటుందో వెతకాలి. అలా కావలసిన వాటిలో ఒక్కటి లేకపోయినా అప్పుడు లేచి నిలబడాలి. ఈ నియమం నాకు కప్పులూ పతకాలూ తెచ్చింది. ఇంట్లో మాత్రం చీవాట్లు తెచ్చింది. మా అత్త ఏదైనా చెప్పి, నేను నోరు తెరవకముందే, "ఆగు, ఇప్పుడు 'అధ్యక్షా' అంటది సూడు" అని మామకు చెప్పేది.

ప్రాజెక్టులో నాకు జోడీగా ఉన్న అమ్మాయి భువనగిరి అవతలి పల్లె నుంచి వచ్చింది. క్రైస్తవ కుటుంబం, కొద్దిపాటి చెలక, వర్షం మీద బతికే సేద్యం. తను లేడీస్ హాస్టల్లో ఉండేది. మా ఇద్దరిలో లెక్క వేగం తనది, మాట వేగం నాది. డిపార్టుమెంటులో హ్యాండిల్ తిప్పే లెక్కల యంత్రం ఒకటి ఉండేది. మీటలు జరిపి, పక్కనున్న పిడిని తిప్పితే కూడికలూ హెచ్చవేతలూ చేసి పెట్టే ఇనుప పెట్టె. మేమంతా దానిని తిప్పితే గిరక బావిలో చేదలాగా కీచుమనేది. తను తిప్పుతుంటే కుట్టుమిషన్‌లాగా సాఫీగా నడిచేది.

ఆ ఏడు డిపార్టుమెంటులో లెక్కల సహాయకుల ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ప్రొఫెసర్ గారు ఎవరి పేరు చెప్తే వారికే వస్తుందని అందరికీ తెలుసు. నా స్నేహితురాలి పేరు చెప్తానని ఆయన ముందే మాట ఇచ్చారు కూడా. తనకు అది ఉత్త నౌకరీ కాదు. వాళ్ల ఊరి దగ్గరి మిషన్ బడిలో వాళ్ల నాన్న తన కోసం టీచరు పని మాట్లాడి పెట్టాడు. చదువు ముగియగానే అందులో చేరాలి. ఇక్కడ ఉద్యోగం వస్తేనే తను అంకెల మధ్య ఉండగలదు. రాకపోతే రెండో తరగతికి ఎక్కాలు చెప్పుకుంటూ ఉండిపోతుంది. "ఎక్కాలు చెప్పుడు తక్కువ పని గాదే," అనేది తను. "కని నాకు రెండొకట్ల రెండు ఎప్పుడో వచ్చె. మల్ల దాని కాడికే పోవాల్నా?"

మా ప్రాజెక్టుకు అంకెలు ఒక వ్యవసాయ క్షేత్రం నుంచి వచ్చాయి. ఒక బావి కింద వరుసగా ఐదు మళ్లలో మొక్కజొన్న వేసి, ప్రతి మడిలో సాలు సాలుకూ ఎంత దిగుబడి వచ్చిందో వేరువేరుగా తూచారు. మొదటి మడి బావికి ఆనుకొని ఉంటుంది, ఐదోది అన్నిటికంటె దూరం. బావికి దూరం పోయేకొద్దీ దిగుబడి తగ్గుతుందని ప్రొఫెసర్ గారి నమ్మకం. అది ఎంత మేరకు తగ్గుతుందో తేల్చడం మా పని. ప్రతి మడిలోనూ గట్టు పక్కనున్న మొదటి సాలును లెక్కలోకి తీసుకోకూడదు. గట్టు పక్క మొక్కకు గాలీ వెలుతురూ ఎక్కువగా తగులుతాయి గనుక అది మిగతా చేను సంగతి చెప్పదు. సేద్యపు ఇళ్ల నుంచి వచ్చిన మా ఇద్దరికీ ఈ మాట ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

స్నేహితురాలు చేతి యంత్రం మీద ఐదు మళ్ల మొత్తాలు కట్టాలి. నేను ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాం రాసి, తార్నాక కంప్యూటరు మీద అవే మొత్తాలు వేయించాలి. రెండూ సరిపోతే ముందుకు పోవాలి. ఇదీ ప్రొఫెసర్ గారు వేసిన పద్ధతి.

కంప్యూటరు దగ్గరకు వెళ్లడం అంటే ఆ రోజుల్లో ఒక చిన్న ప్రయాణం. క్యాంపస్ రాళ్ల మధ్య నుంచి తార్నాక వైపు దిగే బాట మీద, దూరాన మౌలాలి గుట్ట కనిపిస్తూ ఉండగా, కార్డుల కట్టను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని నడిచేవాళ్లం. ప్రోగ్రాంలోని ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క అట్ట కార్డు. అక్షరాలకు బదులు చిల్లులు. కట్ట జారి చెదిరిపోతే మళ్లీ వరుస తెలియడానికి కట్ట పైఅంచు మీద పెన్సిల్‌తో ఏటవాలుగా ఒక గీత గీసేవాళ్లం. గది బయట చెప్పులు విడవాలి, దుమ్ము యంత్రానికి పడదు. లోపల ఎండాకాలంలో కూడా చలి. మేడమ్ చీర మీద ఉన్ని స్వెటర్ వేసుకొని కూర్చునేవారు. కార్డులు ట్రేలో పెట్టి రావాలి, ఫలితం మరునాడు తీసుకోవాలి.

మొత్తాలు కట్టే పని అందరికీ ఉండేదే గనుక మేడమ్ ఒక సబ్‌రొటీన్ రాసి పెట్టారు. ఎవరి ప్రోగ్రాం అయినా పిలిచి పని చేయించుకోగలిగే చిన్న తోడు ప్రోగ్రాం అది. ఏ మడి అంకెలు, ఎన్నో సాలు దగ్గర మొదలు అని చెప్తే, గట్టు సాలు ఒకటి వదిలేసి మిగతావి కూడి ఇస్తుంది. అంచున ఎర్ర సిరా పూసిన ఆ కార్డుల కట్టను మాకంటె ముందటి బ్యాచీల వాళ్లు కూడా వాడారు. దానిని విప్పి చూడవలసిన అవసరం ఎవరికీ రాలేదు. నేను నా ప్రోగ్రాంలో ఐదు మళ్ల అంకెలూ ముందే చదివించి, తరువాత ఐదు పిలుపులు వరుసగా రాశాను. మొదటి మడి, ఒకటో సాలు నుంచి. రెండో మడి, ఒకటో సాలు నుంచి. అలా ఐదింటికీ.

ఫలితాలు వచ్చిన రోజు ప్రొఫెసర్ గారి ముఖం వెలిగిపోయింది. బావి నుంచి దూరం పోయేకొద్దీ దిగుబడి మెట్లు దిగినట్టు దిగింది. ఆయన అనుకున్నది అనుకున్నట్టే ఉంది. తరువాత ఆయన స్నేహితురాలి లెక్కలు పక్కన పెట్టి చూశారు. మొదటి మడి చివరి అంకె వరకు సరిపోయింది. రెండోదానిలో తేడా. మూడోదానిలో ఇంకా ఎక్కువ. ఐదోదానిలో మరీ ఎక్కువ. తన లెక్కల ప్రకారం ఐదు మళ్లూ దాదాపు ఒకే తీరుగా పండాయి.

"రెండుసార్లు తిప్పిన సార్," అంది తను. "రెండుసార్లు గిదే వచ్చింది."

ప్రొఫెసర్ గారు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన జాలిగా మాట్లాడారు.

"చూడమ్మా, మొదటి మడి కరెక్టుగ వచ్చింది. అప్పుడు మనసు పెట్టినవ్. తర్వాత చెయ్యి అలిసింది. పోను పోను తప్పు పెరిగింది. మనిషన్నంక అలసట ఉంటది, దాంట్ల సిగ్గు లేదు. కని ఆ పోస్టులో కూర్చునే మనిషికి చివరి లెక్క కూడ మొదటి లెక్క తీరుగనే ఉండాలె. ఆలోచించుకోని చెప్త, సరేనా?"

తను తల ఊపింది. బయటికి వచ్చిన తరువాత మెట్ల మీద కూర్చుని, చాలాసేపు తన కుడిచేతిని చూసుకుంటూ ఉండిపోయింది.

"ఏందే, అలిసిందా?" అన్నాను, ఎలాగైనా నవ్వించాలని.

"అలిసిందో లేదో దీన్నే అడుగుతున్న," అంది. నవ్వలేదు. "సార్ అన్నది తప్పెట్లయితదే? మిషన్‌కు నా మీద పగ ఉన్నదా?"

ఆ రాత్రి అత్త వడ్డించిన అన్నం ముందు నేను పాత నియమం ప్రకారం ప్రొఫెసర్ గారి వాదనను ఆయనకంటె బలంగా చెప్పుకున్నాను. నిజంగానే అది మంచి వాదన. అలసిన చేతి తప్పు పోను పోను పెరుగుతుంది; ఇక్కడా పెరిగింది. యంత్రం అలసిపోదు. పైగా దాని ఫలితం పంట స్వభావంతో కలిసింది. ఇక మిగిలింది రెండో ప్రశ్న. ఈ వాదన నిజమైతే దానితోపాటు ఇంకేమి నిజం కావాలి?

తప్పు చేతిది అయితే ఆ తప్పు మడితో ఉండాలి. ఐదో మడి మొత్తాన్ని తను తప్పుగా కట్టింది గనుక, యంత్రం దానిని ఎప్పుడు కూడినా, ముందు కూడినా వెనుక కూడినా, తన అంకెతో పొసగకూడదు. అలాగే మొదటి మడిని యంత్రం ఎప్పుడు కూడినా పొసగాలి. అట్లా కాక, తేడా మడితో కాకుండా వరుసతో నడిస్తే, చెయ్యి నిర్దోషి. పరీక్షించడానికి కొత్త అంకెలు అక్కరలేదు. కట్టలో ఐదు పిలుపుల కార్డుల వరుసను తిరగేస్తే చాలు.

మరునాడు ఇద్దరం తార్నాకకు వెళ్లాం. చెప్పులు విడిచి లోపలికి పోయి, యంత్రం లెక్క మీద నాకు అనుమానం ఉందని మేడమ్‌తో చెప్పాను.

ఆమె తల ఎత్తకుండానే, "కూర్చోండి," అన్నారు. "ఈడికొచ్చే ప్రతి పిలగాడు, ప్రతి పిల్ల ముందు మిషన్‌నే దోషిని చేస్తరు. నేను వచ్చినప్పటి సంది ఒక్కసారి కూడ మిషన్ దోషి కాలె. అయినా చెప్పు, నీ ఫిర్యాద్ ఏంది?"

నేను నిలబడే చెప్పాను. కూర్చుని వాదించడం నాకు అలవాటు లేదు. నేను ముగించేసరికి ఆమె కళ్లజోడు తీసి నా వైపు చూశారు.

"నువ్వు డిబేటింగా?"

"అవును మేడమ్."

"ఆవాజ్ తోనే తెలుస్తున్నది. సరే, టైమ్ ఇస్త. కని ఒక షర్తు. ఏమొస్తే నువ్వు ఓడినట్టో ఇప్పుడే చెప్పు. ఫలితం వచ్చినంక మాట మార్చేది లేదు."

అంత న్యాయమైన షరతు నాకు ఏ పోటీలోనూ ఎవరూ పెట్టలేదు. ఐదో మడిని ముందుకు తెచ్చినా అది తన అంకెతో పొసగకపోతే నేను ఓడినట్టు, ప్రొఫెసర్ గారి దగ్గరకు వెళ్లి ఆయన మాటే సరైనదని చెప్తాను అన్నాను. పక్కన నిలబడిన స్నేహితురాలు నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. ఓడితే పోయేది నా మాట కాదు, తన ఉద్యోగం. ఆ సంగతి నాకు ఆ పట్టులో తెలిసింది.

"ఒప్పుకుంటవా?" అని మేడమ్ తననే అడిగారు.

"ఒప్పుకుంట," అంది తను. "నా లెక్క నాకు ఎర్కే."

కార్డులు తిరగేశాం. మేడమ్ మమ్మల్ని రేపు రమ్మనకుండా, తమ పనిని పక్కన పెట్టి, కట్టను తామే యంత్రంలో పెట్టారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ దయ ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఆ యంత్రం మీద ఒక్కొక్క గంట కోసం పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వరుసలో ఉండేవారు. ముందు కంపైలర్ నడిచింది. మనుషులు చదవగలిగే ఫోర్ట్రాన్‌ను యంత్రానికి తెలిసిన అంకెల ఆజ్ఞలుగా మార్చే అనువాదకుడు అది. అది మార్చిన ఆజ్ఞలు కొత్త కార్డుల మీద చిల్లులై వచ్చాయి. వాటిని ఎర్ర అంచు కట్టతో కలిపి మళ్లీ యంత్రానికి తినిపించారు. కాసేపటికి టైపురైటర్ తనంతట తాను కొట్టడం మొదలుపెట్టింది.

ఐదో మడి మొదట వచ్చింది. స్నేహితురాలి అంకెతో అక్షరాలా సరిపోయింది. చివరికి వచ్చిన మొదటి మడి, నిన్న సరిపోయినది, ఇప్పుడు తక్కువ చూపించింది. బావి దగ్గరి మడి ఒక్క రోజులో ఎండిపోయింది.

మేడమ్ కాగితాన్ని చింపి, రెండుసార్లు చదివారు. "మొదట కూడిందే కరెక్ట్," అన్నారు నెమ్మదిగా, తమకు తామే చెప్పుకుంటున్నట్టు. "ఎవరు మొదలుంటె వాళ్లదే కరెక్ట్. అంటే ఫస్ట్ కాల్ అయినంక ఏదో మారుతున్నది. నువ్వు మారుస్తలేవు. డేటా మారుతలేదు. ఇంకేం మారుతది?" అంటూ నా కార్డులను ఒక్కొక్కటిగా వెలుతురుకు పెట్టి చూశారు. ఒక చోట ఆగారు. "ఎన్నో సాలు నుంచి అన్న చోట ఒకటి అని అంకెనే కొట్టినవ్?"

"అవును మేడమ్. ఒకటో సాలు నుంచే కదా."

ఆమె లేచి వెళ్లి, కార్డులకు చిల్లులు కొట్టే యంత్రం దగ్గర కూర్చుని, తామే రెండు కార్డులు కొట్టి తెచ్చారు. వాటిని నా ఐదు పిలుపుల తరువాత పెట్టారు. మొదటి కార్డు, ఒకటిని తీసుకొని ఒక పేరుతో దాచుకొమ్మని చెప్తుంది. రెండోది, ఆ పేరులో ఏముందో టైపు చేయమని చెప్తుంది.

"మేడమ్, ఒకటిని దాచి, చూపించమంటె ఒకటే కదా వచ్చేది?" అంది స్నేహితురాలు.

"రావాలె," అన్నారు మేడమ్. "ఒకటి ఎంత అని మిషన్‌ను అడుగుదాం."

ఐదు మొత్తాలు వచ్చాయి. ఒక వరుస వదిలి, టైపురైటర్ ఒకే ఒక్కసారి టక్ మని కొట్టింది. కాగితం మీద ఆరు ఉంది.

ముగ్గురం ఆ ఆరును చూస్తూ నిలబడ్డాం. నేను ఆ తరువాత ఎన్నో వింతలు చదివాను గాని, ఒకటి ఎంత అని అడిగితే ఏ తడబాటూ లేకుండా ఆరు అని చెప్పిన ఆ యంత్రం ముందు కలిగినంత ఆశ్చర్యం మళ్లీ కలగలేదు.

తరువాత మేడమ్ విడమరిచి చెప్పినది ఇది. యంత్రం జ్ఞాపకం అంటే వరుసగా ఉన్న గూళ్లు. ప్రతి గూటికీ ఒక నంబరు. నా ప్రోగ్రాంలో ఒకటి అనే అంకె ఎన్ని చోట్ల ఉన్నా, జాగా వృథా కాకుండా, కంపైలర్ ఆ ఒకటిని ఒకే గూట్లో పెట్టి, ఎక్కడ ఒకటి కావలసినా ఆ గూటి నంబరు చెప్తుంది. నేను సబ్‌రొటీన్‌ను పిలిచినప్పుడు దానికి అందేది ఒకటి అనే విలువ కాదు, ఆ గూటి నంబరు. మేడమ్ రాసిన సబ్‌రొటీన్, గట్టు సాలును వదలడానికి, తనకు ఇచ్చిన మొదలు సంఖ్యకు ఒకటి కలిపేది. కలిపి, ఆ ఫలితాన్ని అదే గూట్లో తిరిగి పెట్టేది. దాంతో నా ఒకటి రెండయింది. రెండో మడికి నేను ఒకటో సాలు నుంచి అన్నాననుకున్నాను. యంత్రానికి అది రెండో సాలు అయింది. అక్కడి నుంచి ఇంకో సాలు వదిలి, అంటే రెండు సాళ్లు వదిలి కూడింది. మూడో మడిలో మూడు సాళ్లు, ఐదో మడిలో ఐదు సాళ్లు పోయాయి. బావికి దూరమైనందుకు తగ్గిందనుకున్న పంటను నిజానికి మేమే లెక్కలో వదిలేశాం. నా వెనుకటి వాళ్లకు ఈ చిక్కు రాకపోవడానికి కారణం, వాళ్లు మొదలు సంఖ్యకు ఒక పేరు పెట్టి, ప్రతి పిలుపు ముందూ దానిని కొత్తగా ఒకటి చేసుకునేవారు. వాళ్ల ఒకటి తన గూట్లో క్షేమంగా ఉండేది.

స్నేహితురాలు చప్పున అందుకుంది. "గిది మా వాడకట్టు కథే మేడమ్! మా ఇంటి మానిక పక్కింటోళ్లు వడ్లు కొలుచుకుంటమని తీస్కపోయి, ఎత్తేసి సొట్ట వడగొట్టి తెచ్చిచ్చిన్రు. మా అమ్మకు ఎర్కలేదు. గదే సొట్ట మానికతోని ఊరందరికి కొలిచింది."

మేడమ్ పెద్దగా నవ్వారు. ఆ గదిలో ఆమె నవ్వడం మేము చూడటం అదే మొదటిసారి. "గంతే," అన్నారు. "కంపైలర్ అంటే ఇంత పెద్ద పుస్తకం చదివిన నేను. నీ మానిక ముచ్చట అందులో లేదు."

నాలోని డిబేటింగ్ పిల్ల ఊరుకోలేదు. "మరి తప్పు ఎవరిది మేడమ్? నేను ఒకటి అని రాశాను, అది నిజం. మీరు ఒక సాలు వదిలారు, అది అవసరం. కంపైలర్ జాగా పొదుపు చేసింది, అది దాని ధర్మం. ముగ్గురూ సరైనవారే అయితే తప్పు ఎలా పుట్టింది?"

ఆమె ఆరు అని ఉన్న కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టారు. తప్పించుకోవడానికి ఆమెకు దారులు చాలా ఉన్నాయి. నా కార్డు మీద వేలు పెట్టి, వెనుకటి వాళ్లలాగా రాయాల్సింది అనవచ్చు. కంపైలర్ తయారుచేసినవారు దూరదేశంలో ఉన్నారు, వాళ్లను అనవచ్చు. నేను ఆ రెండు జవాబులలో ఏది వస్తుందా అని చూస్తున్నాను.

"నాది," అన్నారు. "ఇచ్చిన వస్తువును వాడుకోవాలె, మార్చి ఇయ్యొద్దు. ఆ ఒకటిని నేను మొదలు నా గూట్లె నకలు తీస్కొని, ఆ నకలుకు కలుపుకోవాల్సింది. ఒక్క కార్డు పని. బద్ధకమో, తొందరనో, ఆ కార్డు కొట్టలె." అని, అప్పటికప్పుడే ఎర్ర అంచు కట్టను విప్పి, ఆ కార్డు కొట్టి లోపల పెట్టారు. తలుపు పక్కన బోర్డు మీద సుద్దతో, ఆ సబ్‌రొటీన్‌లో పొరపాటు ఉండిందనీ, అది తమదేననీ, దానిని వాడినవారంతా తమ లెక్కలు మళ్లీ చూసుకోవాలనీ రాశారు. లోపలికి వచ్చే శాస్త్రవేత్తలందరూ అది చదివే లోపలికి రావాలి. పదవిలో ఉన్న మనిషి పొరపాటును అంత పెద్ద అక్షరాలతో సొంత చేత్తో రాయడం నేను అంతవరకు చూడలేదు. వేదికల మీద నేను నేర్చుకున్న నిజాయితీ అంతా ఆ సుద్దరాత ముందు చిన్నదిగా అనిపించింది.

బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటుండగా స్నేహితురాలు నన్ను వీపు మీద చరిచింది. "వకీలమ్మా, ఫీజెంత?"

"నీ పోస్టు నీకు రానీ, అప్పుడు చెప్త."

"ఇంకా రాలె గదనే," అంది, ముఖం మళ్లీ వాడిపోయి. నిజమే. యంత్రం ఒప్పుకుంది గాని ప్రొఫెసర్ గారు ఒప్పుకోవాలి. ఆయన పోగొట్టుకోబోయేది ఒక లెక్క మాత్రమే కాదు. ఎన్నో ఏళ్లుగా తరగతిలో చెప్తూ వచ్చిన మాట.

ఆయన గదిలో నేను అంతా వివరించాను. రెండు ఫలితాల కాగితాలనూ, ఆరు అని ఉన్న కాగితాన్నీ బల్ల మీద పెట్టాను. ఆయన ఏమీ అడ్డు చెప్పకుండా చివరిదాకా విన్నారు.

"అంటే బావికి దూరం పోతే తగ్గుతదన్న నా మాట?" అన్నారు.

"తప్పు అని నేను అనడం లేదు సార్. ఈ అంకెలలో మాత్రం లేదు."

"అంటే వేరే పొలంల ఉండొచ్చు."

"ఉండవచ్చు సార్."

"పర్వాలేదు, కొంచెం మర్యాద మిగిలిచ్చినవ్," అని ఆయన ముసిముసిగా నవ్వారు. నవ్వు పూర్తిగా రాలేదు. తరువాత ఆయన చేసిన పనిని నేను ఈ రోజుకూ మనసులో దండం పెట్టుకుంటూ తలుచుకుంటాను. లేచి, మా స్నేహితురాలిని వెంటబెట్టుకొని, లెక్కల యంత్రం ఉన్న గదికి నడిచారు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, తామే యంత్రం ముందు కూర్చున్నారు.

"నాలుగో మడి. నువ్వు చదువు, నేను తిప్తా."

తను ఒక్కొక్క సాలు దిగుబడి చదివింది. ఆయన తిప్పారు. ఆయన చేతిలో యంత్రం మా అందరి చేతుల్లోలాగే కీచుమంది. మధ్యలో ఒకసారి మీట తప్పు జరిపితే తను, "సార్, పదుల గడి సార్," అని మెల్లగా చెప్పింది. ఆయన సరిచేశారు. చివరి సాలు అయ్యాక వచ్చిన అంకెనూ, తను ఇంతకు ముందు కట్టిన అంకెనూ పక్కపక్కన చూశారు. ఒకటే.

అప్పటికి తలుపు దగ్గర మా తరగతివాళ్లు కొందరు గుమిగూడారు. ఆయన వాళ్లను పొమ్మనలేదు. "ఈమె చెయ్యి అలసిపోయిందని నేను అన్న," అన్నారు వాళ్లు వినేటట్టుగానే. "అలసింది ఈమె చెయ్యి కాదు. నాకు నచ్చిన జవాబు వచ్చేసరికి నేనే ఇంక అడగడం ఆపేసిన. అమ్మా, పోస్టుకు నీ పేరే పంపుతున్న."

తను కృతజ్ఞతలు చెప్పాలని నోరు తెరిచి, ఏడ్చేసింది. ఆయన కంగారుపడి, "అరె, ఏడ్వకమ్మా, లెక్క సరిపోయింది కద," అంటూ కోటు మర్చిపోయి వెళ్లిపోయారు. ఆ కోటును తీసుకెళ్లి ఇచ్చినది నేను.

ఉద్యోగంలో చేరిన మొదటి వారమంతా తన పని, ఆ సబ్‌రొటీన్‌తో వేసిన పాత పట్టికలను చేత్తో మళ్లీ కట్టడం. మేడమ్ వాటిని తార్నాక నుంచి తామే పంపారు. చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. ఒకటి రెండు మారాయి. వాటి యజమానులు మొదట విసుక్కొని, తరువాత వచ్చి తనకు థాంక్స్ చెప్పి వెళ్లారు. ఊళ్లో మిషన్ బడి ఉద్యోగానికి వాళ్ల నాన్న ఇంకొకరి పేరు చెప్పాడట.

ఒక మధ్యాహ్నం నేను తన గదిలో కూర్చుని, కొత్త ఉద్యోగస్థురాలు నాకు ఫీజు కింద తెప్పించిన సమోసా తింటున్నాను. ప్రొఫెసర్ గారు వచ్చారు. చేతిలో తార్నాక టైపురైటర్ కొట్టిన పొడుగాటి కాగితం. ముఖం చూస్తే ఫలితం ఆయనకు బాగా నచ్చిందని తెలుస్తూనే ఉంది.

"చాల మంచిగ వచ్చినయ్," అన్నారు. "నేననుకున్నట్టే వచ్చినయ్." ఆ కాగితాన్ని స్నేహితురాలి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కొని ఎదురుగా కూర్చున్నారు.

"అందుకే తెచ్చిన. నువ్వొకసారి తిప్పు."

తను చేతులు తుడుచుకొని, యంత్రంలోని మీటలన్నీ సున్నాకు జరిపి, "చదవండి సార్," అంది.